స్విస్ ఊరి ఫుట్‌బాల్ క్లబ్‌లో చేరడం ఎలా? ఐదో లీగా నుంచి కొన్ని మాటలు

జూరిచ్‌కో, బాజెల్‌కో, బాడెన్‌కో ఉద్యోగం మీద వచ్చి ఆరు నెలలైంది. ఆఫీసు, ఇల్లు, మిగ్రోస్ సూపర్‌మార్కెట్, శనివారం ఎవరో ఒకరింట్లో బిర్యానీ. ఎదురింటాయన పేరు తలుపు పక్కన బోర్డు మీద చదవడమే తప్ప ఆయనతో మాట్లాడింది లేదు. సాయంత్రం బస్సు దిగి నడిచి వస్తుంటే ఊరి చివర ఫ్లడ్‌లైట్ల కింద ఓ ఇరవై మంది ఆడుతూ కనిపిస్తారు. కంచె పట్టుకుని రెండు నిమిషాలు చూసి, "మనల్నెవరు రానిస్తారులే" అనుకుంటూ ఇంటికొచ్చేస్తారు.

రానిస్తారు. నేను ముప్పై నాలుగేళ్ళప్పుడు పొట్టతో సహా చేరాను, రానిచ్చారు. అట్టడుగు లీగాలో (లీగ్‌ని ఇక్కడ లీగా అంటారు) వాళ్ళు వెతికేది గొప్ప ఆటగాడి కోసం కాదు. వస్తానన్న రోజు వచ్చేవాడు కావాలి, సాసేజ్ స్టాల్‌లో నాలుగు గంటలు నిలబడేవాడు కావాలి. ఆ రెండూ మీవల్ల అయితే మిగతాది ఎలా చేయాలో చెబుతాను. నేనుండేది జర్మన్ మాట్లాడే వైపు కాబట్టి ఆ మాటలే వాడుతున్నాను. జెనీవా, లొజాన్ వైపు పేర్లు ఫ్రెంచ్‌లో ఉంటాయి, లుగానో వైపు ఇటాలియన్‌లో. పద్ధతి మాత్రం దాదాపు ఒకటే.

ముందు లీగాల లెక్క తెలుసుకోండి

ఇక్కడ అందరూ ఒకసారి బోల్తా పడతారు. ఆఫీసులో ఎవరైనా "మా తమ్ముడు ఫస్ట్ లీగాలో ఆడతాడు" అంటే, ఆ తమ్ముణ్ణి టీవీలో చూడొచ్చేమో అనుకోకండి. "1. లీగా" అంటే పై నుంచి నాలుగో మెట్టు. దాని పైన 12 క్లబ్బుల సూపర్ లీగ్, 10 క్లబ్బుల ఛాలెంజ్ లీగ్, 18 క్లబ్బుల ప్రమోషన్ లీగ్ ఉన్నాయి. 1. లీగా కింద 2. లీగా ఇంటర్‌రీజినల్, దాని కింద ఉత్త 2. లీగా, ఇంకా కింద 3, 4, 5. మొత్తం తొమ్మిది మెట్లు. పైన ఉన్న రెండు లీగ్‌ల పేర్లు 2003లో మారాయి, 2012లో మధ్యలో ప్రమోషన్ లీగ్ వచ్చి దూరింది. కింది వాళ్ళు మాత్రం తమ పాత నంబర్లు వదులుకోలేదు. అందుకే ఈ గందరగోళం.

5. లీగా కింద నేల తప్ప ఏమీ లేదు. ఎన్ని మ్యాచ్‌లు ఓడినా ఇంకా కిందికి తోసేవాళ్ళు ఉండరు. మొదటి సీజన్‌కి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

2. లీగా నుంచి కిందిదంతా 13 ప్రాంతీయ సంఘాలు నడుపుతాయి. జూరిచ్ ప్రాంతానికి ఒకటి, బాజెల్ ఉన్న వాయవ్య ప్రాంతానికి ఒకటి, బాడెన్ ఉన్న ఆర్గావ్‌కి ఒకటి, ఇలా. జాతీయ సంఘం 1895 నాటిది, ఆఫీసు బెర్న్ పక్కన మూరిలో. మీకు దానితో పని పడదు. మీ మ్యాచ్‌లు, మీ జరిమానాలు అన్నీ ప్రాంతీయ సంఘం నుంచే వస్తాయి. తూర్పు వైపు వాళ్ళకి ఇంకో సరదా ఉంది. లీష్టెన్‌స్టయిన్ దేశానికి సొంత లీగ్ లేదు, అక్కడి ఏడు క్లబ్బులూ స్విస్ లీగాల్లోనే ఆడతాయి. అంటే వేన్నీళ్ళు సరిగ్గా రాని డ్రెస్సింగ్ రూమున్న చిన్న మ్యాచ్ కోసం కూడా దేశం దాటి వెళ్ళి రావచ్చు.

క్లబ్ ఎంచుకునేటప్పుడు

ఇంటి నుంచి సైకిల్ మీద పదిహేను నిమిషాల్లో చేరగలిగే మైదానం చూసుకోండి. నవంబర్‌లో, చినుకుల్లో, చీకట్లో, వారానికి రెండు సార్లు వెళ్ళాలి. రెండు రైళ్ళు మారి వెళ్ళాల్సిన క్లబ్ ఎంత పేరున్నదైనా మూడో వారానికే సాకులు మొదలవుతాయి.

ప్రతి క్లబ్ వెబ్‌సైట్‌లోనూ టీముల జాబితా ఉంటుంది. మొదటి టీము 2. లీగాలోనో 3. లీగాలోనో ఉంటే, అదే క్లబ్ రెండో టీము 4లో, మూడోది 5లో ఉంటాయి. మీరు అడగాల్సింది ఆ చివరి టీము గురించి. వయసు ముప్పై దాటితే "సేనియోరెన్ 30+" ఉందేమో చూడండి, తర్వాత 40+, 50+ కూడా ఉంటాయి. 30+ అంటే తేలికనుకుని వెళ్ళకండి. పదేళ్ళ కిందటి దాకా 2. లీగాలో ఆడి మోకాలు పాడై దిగినవాళ్ళు అక్కడుంటారు. పరిగెత్తరు, బంతినే పరిగెత్తిస్తారు. దాని వెనక మనం పరిగెత్తాలి.

వలస వచ్చినవాళ్ళు పెట్టుకున్న క్లబ్బులూ చాలా ఉన్నాయి. జూరిచ్‌లో ఎఫ్‌సి కొసోవా ఉంది. యంగ్ ఫెలోస్ అనే పాత క్లబ్బూ, ఇటాలియన్ల యువెంతుస్ క్లబ్బూ 1992లో కలిసి వైఎఫ్ యువెంతుస్ అయ్యాయి. మనవాళ్ళకి క్రికెట్ టీములు దొరుకుతాయి, అందులో చేరడం ఇంకా తేలిక. కాని చేరాక మళ్ళీ ఆ శనివారం బిర్యానీ మనుషులే. భాష రావాలన్నా, ఊళ్ళో నలుగురు పలకరించాలన్నా ఊరి క్లబ్ మేలని నా అభిప్రాయం.

చిన్న ఊరు కదా అని తక్కువగా చూడకండి. స్విస్ జాతీయ జట్టుకి ఆడిన షాకిరి మొదట ఆడింది ఎస్‌వి ఆగ్స్ట్‌లో, అకాంజి ఎఫ్‌సి వీజెన్‌డాంగెన్‌లో, గోల్‌కీపర్ యాన్ సొమర్ ఎఫ్‌సి హెర్లిబెర్గ్‌లో. తర్వాత క్రొయేషియాకి ఆడిన రాకిటిచ్ కూడా మోలిన్ అనే ఊరి క్లబ్ పిల్లవాడే.

ఎప్పుడు అడగాలి, ఎలా అడగాలి

సీజన్ ఆగస్టులో మొదలై నవంబర్ మొదట్లో ఆగుతుంది. చలికాలమంతా సెలవు. మళ్ళీ మార్చి చివర మొదలై జూన్‌లో ముగుస్తుంది. కాబట్టి చేరడానికి మంచి సమయం జూన్, జూలై. అది తప్పితే జనవరి చివర. అక్టోబర్‌లో అడిగితే కాదనరు గాని, టీమంతా కుదురుకుని ఉంటుంది, మీరు గట్టు మీద కూర్చోవాలి.

మెయిల్ ట్రైనర్‌కి గాని "స్పికో"కి గాని పెట్టండి. స్పికో అంటే క్లబ్‌లో ఆటల వ్యవహారం చూసే కమిటీ. నాలుగు వాక్యాలు చాలు: పేరు, వయసు, ఎక్కడుంటారు, ఇంతకుముందు ఎంత ఆడారు, ఒక "ప్రోబెట్రైనింగ్"కి రావచ్చా. ప్రోబెట్రైనింగ్ అంటే చూసిపోయే ట్రైనింగ్, డబ్బు కట్టక్కర్లేదు. కాలేజీ టీము కెప్టెన్సీ, ఇంటర్-ఆఫీస్ కప్పులు అన్నీ వర్ణించకండి. నా మొదటి మెయిల్‌కి పది రోజులు జవాబు రాలేదు. అవమానంగా అనిపించింది. చివరికి మంగళవారం సాయంత్రం నేరుగా మైదానానికి వెళ్ళి నిలబడితే, ట్రైనర్ కోన్‌లు పేర్చుకుంటూనే, "ఓ, మెయిల్ పెట్టింది నువ్వేనా? బూట్లు తెచ్చావా?" అన్నాడు. ఆయన పగలు ప్లంబర్. మెయిల్స్ ఆదివారం చూస్తాడు.

మొదటి సాయంత్రం

ట్రైనింగ్ ఏడున్నరకంటే ఏడున్నరకి లేసులు కట్టుకుని గడ్డి మీద ఉండాలి. ఏడుంబావుకి డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్ళండి. దాన్ని "గార్డెరోబె" అంటారు. లోపలికి వెళ్ళగానే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెయ్యి కలిపి పేరు చెప్పాలి, పద్దెనిమిది మంది ఉంటే పద్దెనిమిది మందికీ. గుమ్మంలో నిలబడి అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టేస్తే కుదరదు.

క్లబ్‌లో అందరూ అందర్నీ "డు", అంటే నువ్వు అనే అంటారు. అరవై ఐదేళ్ళ ప్రెసిడెంట్‌ని కూడా పేరు పెట్టి నువ్వు అనాలి. మనకి నాలుక తిరగదు. నేను మొదటి నెలంతా ఆయన్ని ఏ పేరూ లేకుండా, ఎదురుగా నిలబడి దగ్గి పిలిచాను. మీరు అంత కష్టపడకండి.

భాష గురించి టెన్షన్ వద్దు. పుస్తకాల జర్మన్ నేర్చుకుని వెళ్తే ఇక్కడి యాస అర్థం కాదు, నిజమే. కాని ఆట మాటలు మనవే! జర్మనీ వాళ్ళు గోల్‌కీపర్‌ని వేరే మాటతో పిలుస్తారు. స్విస్ వాళ్ళకి గోలీయే. మ్యాచ్, కార్నర్, పెనాల్టీ, ఆఫ్‌సైడ్ కూడా అంతే, మన గ్రౌండ్‌లో వాడినట్టే వాడతారు. ఫుట్‌బాల్ ఆడటాన్ని "చుటె" అంటారు, అదీ ఇంగ్లీషు 'షూట్' నుంచి వచ్చిందే. ఈ ఆట ఇక్కడికి ఇంగ్లీషు వాళ్ళతో వచ్చింది, ఆ గుర్తులు పోలేదు. బెర్న్‌లో యంగ్ బాయ్స్, జూరిచ్‌లో గ్రాస్‌హాపర్స్, బాజెల్‌లో ఓల్డ్ బాయ్స్ అనే పేర్లు అలా పుట్టినవే.

బూట్లు రెండు రకాలు కావాలి. తడి గడ్డికి అడుగున పొడుగు స్టడ్‌లున్నవి, కృత్రిమ గడ్డికి పొట్టి రబ్బరు స్టడ్‌లవి. ఇనుప స్టడ్‌లతో కృత్రిమ గడ్డి మీద అడుగు పెట్టారంటే మైదానం చూసుకునే "ప్లాట్స్‌వార్ట్" అటు చివర నుంచి అరుచుకుంటూ వస్తాడు. ఆయన మాటే చెల్లుతుంది. బాగా వాన పడిన రోజున ఆయన "మైదానం మూసివేత" బోర్డు పెడితే ట్రైనరూ నోరెత్తడు. ఆట అయ్యాక తలుపు బయట కుళాయి, నేలకి బిగించిన బ్రష్‌లు ఉంటాయి. అక్కడ మట్టి పూర్తిగా వదిలించాకే లోపలికి. షవర్ కింద బూట్లు కడగడం పెద్ద తప్పు.

షవర్ అన్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను, ఎవరూ ముందు చెప్పరు. షవర్లన్నీ ఒకే గదిలో, మధ్యలో గోడల్లేకుండా ఉంటాయి. అందరూ ఏమీ వేసుకోకుండానే స్నానం చేస్తారు. ఇంటికెళ్ళి స్నానం చేస్తానన్నా ఎవరూ ఏమీ అనరు. కాని అసలు కబుర్లన్నీ అక్కడే నడుస్తాయి. నాకు రెండు నెలలు పట్టింది.

కాగితాలు

రెండు మూడు ట్రైనింగ్‌ల తర్వాత ఇద్దరికీ నచ్చితే మెంబర్‌షిప్ ఫారం ఇస్తారు. ఏడాదికి కొన్ని వందల ఫ్రాంకులు. క్లబ్ చట్టప్రకారం ఒక సంఘం, "ఫెరైన్". మీరు చేరితే ఓటు హక్కున్న సభ్యులు. ఏడాదికోసారి జరిగే సర్వసభ్య సమావేశంలో చెయ్యెత్తి ఓటెయ్యవచ్చు. మ్యాచ్‌లు ఆడాలంటే లైసెన్స్ కావాలి, అది క్లబ్బే తెప్పిస్తుంది. పాస్‌పోర్ట్ కాపీ, రెసిడెన్స్ పర్మిట్ కాపీ, ఫోటో సిద్ధంగా ఉంచండి.

ఇక్కడ నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. "ఇంతకుముందు వేరే దేశంలో రిజిస్టరై ఆడారా?" అని ఒక ప్రశ్న ఉంటుంది. నేను లేదని పెట్టేశాను. కాలేజీ రోజుల్లో ఒక జిల్లా లీగ్‌లో రిజిస్టరైన సంగతి తర్వాత గుర్తొచ్చి చెప్పాను. అప్పుడు అంతర్జాతీయ బదిలీ పత్రం కావాలన్నారు, అది రావడానికి వారాలు పట్టింది. మొదటి నాలుగు మ్యాచ్‌లు నేను నీళ్ళ సీసాలు మోశాను.

ఇన్సూరెన్స్ విషయం మాత్రం తప్పకుండా చూసుకోండి. మీకు దెబ్బ తగిలితే క్లబ్ ఖర్చు పెట్టుకోదు. వారానికి కనీసం 8 గంటలు ఒకే కంపెనీలో పనిచేస్తుంటే, ఆఫీసు బయట జరిగే ప్రమాదాలకు కూడా కంపెనీ ద్వారానే బీమా ఉంటుంది. వైద్యం ఖర్చుతో పాటు మూడో రోజు నుంచి జీతంలో 80 శాతం వస్తుంది. ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉన్న భార్యగాని భర్తగాని ఆడాలనుకుంటే మాత్రం వాళ్ళ హెల్త్ ఇన్సూరెన్స్‌లో ప్రమాద బీమా చేర్చి ఉందో లేదో చూడండి. చాలామంది తెలియక దాన్ని తీసేయించుకుని ఉంటారు.

మ్యాచ్ రోజు

ఐదో లీగాలో రిఫరీ ఒక్కడే. లైన్స్‌మెన్ ఉండరు. నలభై మీటర్ల దూరం నుంచి ఆయన ఆఫ్‌సైడ్ ఇచ్చాడంటే ఇచ్చాడు, అంతే. అరవకండి. మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు, లెక్క కూడా ఉంది.

పాయింట్ల పట్టికలో గోల్స్ పక్కన బ్రాకెట్లో ఒక అంకె కనిపిస్తుంది. అవి శిక్ష పాయింట్లు. పసుపు కార్డుకి కొన్ని, ఎర్ర కార్డుకి ఇంకా ఎక్కువ, టీము ఖాతాలో పడుతూ ఉంటాయి. సీజన్ చివర మీకూ పక్క ఊరికీ సమానంగా 41 పాయింట్లు వచ్చాయనుకోండి. మీరు వాళ్ళకంటే ముప్పై గోల్స్ ఎక్కువ కొట్టి ఉండొచ్చు, అయినా ముందు చూసేది ఎవరి శిక్ష పాయింట్లు తక్కువ అనే. గోల్ తేడా దాని తర్వాతే. అంటే సెప్టెంబర్‌లో, 6-0తో గెలుస్తున్న మ్యాచ్‌లో నోరు జారి తెచ్చుకున్న కార్డు జూన్‌లో పై లీగాకి వెళ్ళే అవకాశం పోగొట్టవచ్చు. పైగా కార్డుకి సంఘం వేసే జరిమానా క్లబ్‌కి వస్తుంది. వాదించి తెచ్చుకున్న కార్డయితే క్లబ్ మీ దగ్గరే వసూలు చేస్తుంది.

టీముకి సొంత జరిమానాలు వేరే. ఆలస్యంగా వస్తే ఇంత, టవల్ మరిచిపోతే ఇంత. అన్నిటికన్నా పెద్దది, రాలేనని ముందుగా చెప్పకుండా మానేయడం. దీన్ని ఎంత పెద్ద తప్పుగా చూస్తారో మనకి మొదట్లో అర్థం కాదు. "ట్రై చేస్తాను" అని గ్రూపులో పెడితే వాళ్ళు దాన్ని వస్తాననే అర్థం చేసుకుంటారు. మనం రానని చెప్పడానికి వాడే మర్యాద మాట అది! వస్తే వస్తానని, రాకపోతే రానని, ముందురోజే పెట్టండి. ఎవరూ కారణం అడగరు.

స్టాల్ డ్యూటీ

క్లబ్ బతికేది టికెట్ల మీద కాదు. కింది లీగాల్లో చాలా చోట్ల టికెట్టే ఉండదు. క్లబ్‌హౌస్‌లో అమ్మే బీరు, సాసేజ్, చిప్స్, జూన్‌లోనో జూలైలోనో పెట్టే "గ్ర్యూంపెల్‌టూర్నియర్", వీటి మీద బతుకుతుంది. గ్ర్యూంపెల్ అంటే పాత సామాను, పనికిరాని చెత్త అని అర్థం. ఆ పేరు పెట్టుకునే ఆఫీసు టీములు, పాత స్నేహితుల టీములు, చిత్రమైన వేషాలతో వచ్చి ఆడతాయి. క్లబ్‌లో చేరాలా వద్దా అని ఊగిసలాడుతుంటే, ముందు ఇందులో మీ ఆఫీసు తరఫున ఒక టీము పెట్టి చూడండి. ఊరంతా అక్కడే కనిపిస్తుంది.

సభ్యులకు ఏడాదికి ఇన్ని డ్యూటీలని ఉంటాయి. నాకు మొదటిసారి పడింది గ్రిల్. ముందే చెప్పండి, మీరు ఏ మాంసం ముట్టుకోరో. సెర్వెలా అనే లావు సాసేజ్‌లో ఆవు, పంది మాంసాలు రెండూ ఉంటాయి. తినకపోయినా అమ్మగలనంటే గ్రిల్, అదీ వద్దంటే బంగాళదుంప చిప్స్ వేయించే చోట నిలబెడతారు, ఎవరూ తప్పు పట్టరు. నా పక్కన నిలబడ్డావిడ బ్రాట్‌వుర్‌స్ట్ అనే సాసేజ్‌ని ఎప్పుడు తిప్పాలో చూపించింది: చర్మం మీద చిన్న చిన్న బుడగలు రాగానే, పటకారుతో, పొడవకుండా. పొడిస్తే రసమంతా నిప్పుల్లోకి పోతుంది. అంతకుముందు రెండేళ్ళు మేము ఒకే బస్టాపులో నిలబడ్డామని మాటల్లో తెలిసింది. సెయింట్ గాలెన్ వైపు వెళ్తే మాత్రం ఆ సాసేజ్‌కి ఆవ ముద్ద అడగకండి, అది లేకుండానే తినాలని వాళ్ళ పట్టుదల. తాగడానికి బీరు వద్దనుకుంటే రివెల్లా ఉంటుంది, పాలు విరిచిన నీళ్ళతో చేసిన పానీయం, 1952 నుంచి ఉంది. వినడానికి ఎలాగో ఉన్నా బాగుంటుంది.

పిల్లల్ని చేర్చాలంటే

ఐదారేళ్ళ నుంచే తీసుకుంటారు. చిన్నవాళ్ళ "జి" నుంచి మొదలై పెద్దవాళ్ళ "ఎ" దాకా అక్షరాలు వెనక్కి నడుస్తాయి. జూరిచ్ లాంటి నగరాల్లో మైదానాలు చాలక వెయిటింగ్ లిస్టులుంటాయి, ముందే పేరు రాయించండి. 1972లో మొదలైన "యూగెండ్ ఉంట్ స్పోర్ట్" పథకం కింద శిక్షణ పొందినవాళ్ళు నేర్పిస్తే కేంద్ర ప్రభుత్వం క్లబ్‌కి డబ్బిస్తుంది. ఆ ట్రైనర్లలో చాలామంది పిల్లల అమ్మానాన్నలే. మూడు శనివారాలు వరుసగా గట్టు మీద కనిపిస్తే మీ చేతికీ ఒక ఈల వస్తుంది.

మోకాళ్ళు సహకరించకపోతే రిఫరీ కోర్సు చేయండి. టీముల సంఖ్యను బట్టి ప్రతి క్లబ్ ఇంతమంది రిఫరీల్ని ఇవ్వాలి, ఇవ్వకపోతే జరిమానా. ఒక మనిషి తనంతట తాను వచ్చి రిఫరీనవుతానంటే ప్రెసిడెంట్ కాఫీ తనే తెచ్చిస్తాడు.

అదీ వద్దు, చూస్తే చాలనుకుంటే ఆగస్టులో స్విస్ కప్ మొదటి రౌండ్ చూడండి. పెద్ద క్లబ్బులే చిన్న ఊళ్ళకి వచ్చి ఆడాలి, అది నియమం. 2025లో మూడో మెట్టు మీదున్న ఎఫ్‌సి బీల్, సెమీఫైనల్లో యంగ్ బాయ్స్‌ని ఓడించి ఫైనల్ దాకా వెళ్ళింది. అక్కడ బాజెల్ 4-1తో గెలిచిందనుకోండి, అయినా మా గార్డెరోబెలో ఇప్పటికీ ఆ సెమీఫైనల్ కబుర్లే.

జెర్సీల సంచి

చివరిగా ఒకటి. మా టీములో జెర్సీలు వంతులవారీగా ఉతకాలి. ఆదివారం సాయంత్రం మ్యాచ్ అవగానే, బురదతో బరువెక్కిన పెద్ద సంచి మీ చేతిలో పెడతారు. మీరుండేది ఫ్లాట్లో, వాషింగ్ మెషీన్ బేస్‌మెంట్లో, అందరికీ కలిపి. ఆదివారం చాలా బిల్డింగుల్లో మెషీన్ వెయ్యకూడదు. గోడ మీద పట్టిక చూస్తే మీ వంతు వచ్చే వారం గురువారం. ఈలోగా పద్దెనిమిది జెర్సీలూ ఇల్లంతా కంపు కొట్టిస్తాయి.

పట్టికలో సోమవారం ఎవరిదో చూశాను. ఎదురింటాయనది. సంచి భుజాన వేసుకునే వెళ్ళి బెల్ కొట్టాను. ఆయన తలుపు తీసి నన్ను చూడలేదు, సంచి మీద క్లబ్ గుర్తు చూశాడు. "ఇవాళ ఎంతకి ఓడారు?" అన్నాడు.